సిద్దిపేటను షెల్ ఎలా లెక్కిస్తుంది: యూనిక్స్ బగ్ నివేదికల చరిత్ర

వాడుకరి కీబోర్డు మీద ఒక కమాండు టైపు చేసి ఎంటర్ నొక్కగానే ఆ వరుసను చదివి, అందులోని మాటలను విడదీసి, ఏ ప్రోగ్రామును నడపాలో నిర్ణయించి, వచ్చిన ఫలితాన్ని తెర మీద చూపించే ప్రోగ్రామును షెల్ అంటారు. హైదరాబాద్ డేటా సెంటర్లలో రాత్రింబవళ్ళు నడిచే సర్వర్లకైనా, సిద్దిపేటలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివే విద్యార్థి ల్యాబ్‌లో తెరిచే నల్లని తెరకైనా ఆధారం అదే. షెల్‌కు ఏ కాలంలో ఏ సౌకర్యం చేరిందో చెప్పే రచనలు చాలా ఉన్నాయి గాని, దానిలోని తప్పులను, అంటే వాడుకలో బగ్ అని పిలిచే దోషాలను, వాడుకరులు ఏ రూపంలో చెప్పుకున్నారో, చేసినవారు వాటిని ఎలా విన్నారో వివరించేవి తక్కువ. ఆ కథ తెలియనిదే నేటి షెల్ ఇలా ఎందుకు ఉందో పూర్తిగా అర్థం కాదు. తెలుగు లిపికి షెల్‌లో ఇప్పటికీ ఉన్న ఇబ్బందులు ఎందుకు తీరలేదో అసలే అర్థం కాదు.

1971 నవంబరు 3వ తేదీతో అమెరికాలోని బెల్ ల్యాబొరేటరీస్ నుంచి, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వెలువడిన యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ తొలి కూర్పును కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రూపొందించారు. ఒక్కొక్క కమాండుకు ఒక్కొక్క వివరణ చొప్పున అమర్చిన ఆ పుస్తకంలో కమాండు పేరు, వాడే పద్ధతి, పని వివరం తర్వాత 'బగ్స్' అనే శీర్షిక ఉండేది. ఆ ప్రోగ్రాములో తమకు తెలిసిన లోపాలేమిటో రాసినవారే దాని కింద ఒప్పుకునేవారు. సరుకుతో పాటు దాని లోపాల పట్టికను కూడా కొనేవాడి చేతిలో పెట్టడం నాటి కంప్యూటర్ వ్యాపారంలో సాధారణం కాదు. పరిశోధకులు తమ తోటి పరిశోధకుల కోసం రాసుకున్న పుస్తకం కాబట్టి ఆ నిజాయితీ సాధ్యమైందని చెప్పవచ్చు గాని, దాని ప్రభావం ఆ ప్రయోగశాల గోడలు దాటి చాలా దూరం పోయింది. లోపాన్ని దాచవలసిన అవమానంగా కాక నమోదు చేయవలసిన సమాచారంగా చూసే అలవాటు యూనిక్స్ లోకానికి అక్కడే అబ్బింది.

ఆ శీర్షిక కింద రాసినవి కాగితం మీదనే ఉండిపోలేదు. 1975 నాటి ఆరవ కూర్పులో షెల్ గురించిన వివరణ చివర, ప్రోగ్రాములు ఇచ్చే దోష సందేశాలను వేరే ఫైలులోకి మళ్ళించే దారి లేదని స్పష్టంగా రాశారు. మామూలు ఫలితాన్ని ఫైలులోకి పంపవచ్చు, కాని పని చెడినప్పుడు వచ్చే హెచ్చరికలను మాత్రం పంపలేము అన్నమాట. 1979లో ఏడవ కూర్పుతో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్ ఆ లోటును తీర్చింది. 2 అంకె పక్కన బాణం గుర్తు పెట్టి దోష సందేశాలను వేరుచేసే పద్ధతి నేటికీ లక్షలాది స్క్రిప్టులలో, అంటే కమాండ్లను వరుసగా రాసి పెట్టుకున్న ఫైళ్ళలో, కనిపిస్తుంది. నాలుగేళ్ళ కింద లోపంగా ఒప్పుకున్నది ఈ విధంగా భాషలో భాగమైంది.

బయటి వాడుకరులకు మాత్రం తొలినాళ్ళలో ఫిర్యాదు చేసుకునే చోటే లేదు. బెల్ ల్యాబొరేటరీస్ మాతృసంస్థ ఏటీ అండ్ టీ నాటి చట్టపరమైన ఆంక్షల వల్ల కంప్యూటర్ వ్యాపారంలోకి దిగలేకపోయింది. విశ్వవిద్యాలయాలకు యూనిక్స్‌ను ఇచ్చినా, దానికి సహాయం గాని బగ్‌ల సవరణ గాని ఉండవనే షరతు మీదనే ఇచ్చింది. అయితే దానితో పాటు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామును రాసిన మూల పాఠం, వాడుకరుల చేతికి వచ్చింది. అడిగేందుకు ఎవరూ లేనప్పుడు, చదివి సరిచేసుకునేందుకు పాఠం చేతిలో ఉన్నప్పుడు ఏం జరుగుతుందో అదే జరిగింది: వాడుకరులు ఒకరికొకరు సవరణలు పంపుకోవడం మొదలుపెట్టారు, 1975 నాటికి వారికి సొంత వార్తాలేఖ కూడా ఏర్పడింది. సహాయ నిరాకరణ నుంచి సహకార సంప్రదాయం పుట్టడం యూనిక్స్ చరిత్రలో గమనించదగ్గ విషయం.

ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక స్థిరమైన రూపం ఇచ్చింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖ. అక్కడ యూనిక్స్‌ను విస్తరించి పంచిన బృందం 1983లో విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ అనే కూర్పులో 'సెండ్‌బగ్' అనే చిన్న ప్రోగ్రాము ఉంది. దాన్ని నడిపితే ఒక ఖాళీ నమూనా పత్రం తెరుచుకునేది. అందులో దోషం ఏ భాగానికి చెందినదో తెలిపే సూచిక, వివరణ, దోషాన్ని మళ్ళీ కలిగించే పద్ధతి, తెలిస్తే పరిష్కారం అని నాలుగు గడులు ఉండేవి. ఈ నాలుగింటిలో మూడవదే ఆయువుపట్టు. 'నా దగ్గర పని చేయడం లేదు' అనే మాట ఎంత నిజమైనా బాగుచేసేవాడికి ఉపయోగపడదు. ఈ ఫైలు ఇలా తయారుచేసి, ఈ కమాండు ఇలా టైపు చేస్తే, రావలసినది ఇది, వచ్చినది ఇది అని రాస్తే, వేల మైళ్ళ దూరంలో ఉన్న మరొకరు అదే దోషాన్ని తమ కళ్ళతో తాము చూడగలుగుతారు. నమ్మకంతో పని లేకుండా పరీక్షతో తేలే మాటగా ఫిర్యాదును మార్చింది ఆ గడే. పుటీ అనే ప్రసిద్ధ ప్రోగ్రాము రచయిత సైమన్ టాథమ్ 1999లో బగ్‌లను ఎలా తెలియజేయాలో వివరిస్తూ రాసిన వ్యాసం లోకమంతా చదివినదే. దాని సారాంశం కూడా చాలామేరకు ఈ మూడవ గడికి వ్యాఖ్యానమే.

వాడుకరి తనకు అనుకోకుండా తగిలిన దోషాలు చెప్పుకోవడం ఒక దశ అయితే, దోషాలను పనిగట్టుకొని వెతకడం తర్వాతి దశ. 1988లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బార్టన్ మిల్లర్ ఒక గాలివాన రాత్రి ఇంటి నుంచి టెలిఫోన్ లైను ద్వారా యూనిక్స్‌ను వాడుతుండగా, లైనులో పుట్టిన చప్పుడు అడ్డదిడ్డమైన అక్షరాలుగా మారి కమాండ్లలో చేరడం, వాటికి ప్రోగ్రాములు కుప్పకూలడం గమనించాడు. అర్థం లేని అక్షరాలకు ప్రోగ్రాము 'తప్పు' అని చెప్పాలి గాని తానే పడిపోకూడదు కదా. ఆ ప్రశ్ననే ఆయన విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చాడు. 1990 డిసెంబరులో వెలువడిన పరిశోధన పత్రం ప్రకారం, పరీక్షించిన ఏ యూనిక్స్ కూర్పులోనైనా 25 నుంచి 33 శాతం కమాండ్లు యాదృచ్ఛిక అక్షరాల దెబ్బకు కూలిపోయాయి. వాటిలో బర్కిలీలో పుట్టిన సీ షెల్ కూడా ఉంది. ఆ షెల్‌లో ఆశ్చర్యార్థక చిహ్నం పెట్టి రాస్తే అంతకుముందు టైపు చేసిన కమాండ్లలో సరిపోలే దాన్ని వెతుకుతుంది. దొరకకపోతే వాడుకరి రాసిన ముక్కనే సందేశంలో చేర్చి 'ఇది లేదు' అని చూపిస్తుంది. ఆ ముక్కలో శాతం గుర్తు ఉంటే, సందేశాన్ని అచ్చువేసే భాగం దాన్ని మామూలు అక్షరంగా కాక తనకిచ్చిన ఆజ్ఞగా తీసుకొని, లేని విలువ కోసం మెమరీలో వెతికి పడిపోయేది. వాడుకరి ఇచ్చిన పాఠాన్ని ఆజ్ఞగా పొరబడటం అనే ఈ జాతి దోషం షెల్ చరిత్రలో మళ్ళీ, ఇంతకంటే ఎంతో పెద్ద రూపంలో, తలెత్తింది.

ఆ ఉదంతానికి వేదికైన బ్యాష్ షెల్ రచనను బ్రయన్ ఫాక్స్ 1988 జనవరిలో మొదలుపెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అనే నియమంతో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ప్రాజెక్టు కోసం రాసిన ఆ షెల్ 1989 జూన్‌లో ప్రజలకు అందింది. తర్వాత కొద్దికాలానికే ఒహాయో రాష్ట్రంలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో పని చేసే చెట్ రేమీ దాని బాధ్యతను చేపట్టి, మూడు దశాబ్దాలకు పైగా నిర్వహిస్తూ వచ్చాడు. ప్రపంచంలో అత్యధికంగా వాడే షెల్‌లలో ఒకదాని బాగోగులు ఇంతకాలం ప్రధానంగా ఒక్క మనిషి చేతి మీదుగా సాగడం ఆశ్చర్యకరమే; అది సాగడానికి గట్టి కారణాలలో ఒకటి నివేదికల క్రమశిక్షణ. బ్యాష్‌తో పాటు వచ్చే 'బ్యాష్‌బగ్' అనే స్క్రిప్టు, యంత్రం రకం, ఆపరేటింగ్ సిస్టమ్, కంపైలర్, షెల్ కూర్పు సంఖ్య, అప్పటికి వేసిన ప్యాచ్‌ల సంఖ్య వంటివన్నీ తానే నింపి, బర్కిలీ నమూనాలో ఉన్న వివరణ, పునరావృత పద్ధతి, పరిష్కారం అనే గడులను మాత్రం వాడుకరికి వదులుతుంది. ప్యాచ్ అంటే మొత్తం ప్రోగ్రామును మళ్ళీ పంచకుండా మారిన వరుసలను మాత్రమే పంచే సవరణ ఫైలు. బ్యాష్ ప్యాచ్ ఫైలు ఏది తెరిచినా, దిద్దుబాటు వరుసల కంటే ముందు, ఆ దోషాన్ని తెలియజేసినవారి పేరు ఒక వరుసలో, దోష వివరణ దాని కింద కనిపిస్తాయి. దోషం చెప్పినవాడి పేరు దిద్దినవాడి పేరు కంటే ముందు రాయడం చిన్న మర్యాదే గాని, వేలమంది ప్రతిఫలం లేకుండా శ్రద్ధగా నివేదికలు రాయడం వెనుక ఇలాంటి మర్యాదల పాత్ర తక్కువేమీ కాదు. బ్యాష్ మాన్యువల్ 1971 నాటి ఆచారాన్ని కూడా విడిచిపెట్టలేదు: దాని చివరన ఉన్న బగ్స్ శీర్షిక, ఈ షెల్ మరీ పెద్దదని, మరీ నెమ్మదైనదని ఒప్పుకుంటూ మొదలవుతుంది.

నివేదిక రాసినంత మాత్రాన వాదం ముగియదు. వచ్చినది తప్పే అని తేల్చడానికి, రావలసినది ఏమిటో ఇరుపక్షాలూ అంగీకరించిన పాఠం ఒకటి ఉండాలి. షెల్ విషయంలో ఆ పాఠం 1992లో, యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి నియమాలు చెప్పే పాసిక్స్ ప్రమాణంలో భాగంగా వెలువడింది. అప్పటి నుంచి 'ఇది బగ్' అన్నవారికి, 'ఇది ఉద్దేశపూర్వకం' అన్నవారికి మధ్య తీర్పు చెప్పే గ్రంథం ఏర్పడింది. దాని ప్రాముఖ్యం 2006 అక్టోబరులో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 6.10 కూర్పు విడుదలైనప్పుడు అందరికీ తెలిసివచ్చింది. యంత్రం త్వరగా మొదలవ్వాలని ఆ కూర్పులో మూల షెల్ స్థానంలో బ్యాష్‌ను తీసివేసి, డ్యాష్ అనే చిన్న, వేగమైన షెల్‌ను పెట్టారు. అంతవరకు నిక్షేపంగా నడిచిన ఎన్నో స్క్రిప్టులు ఒక్కసారిగా ఆగిపోవడంతో డ్యాష్‌లో బగ్ ఉందని ఫిర్యాదులు వచ్చాయి. పరిశీలిస్తే వాటిలో చాలావాటికి కారణం డ్యాష్ కాదు. బ్యాష్‌కు మాత్రమే ప్రత్యేకమైన నుడికారాలను ప్రమాణభాష అనుకొని వాడిన స్క్రిప్టు రచయితలది పొరపాటు. నాలుగేళ్ళకు పైగా గడిచాక డెబియన్ అనే మరో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 6.0 కూర్పు కూడా అదే మార్పు చేసింది గాని, ముందుగా తమ ప్యాకేజీలను ఒక్కొక్కటిగా పరీక్షించి, 1994 నుంచి నడుస్తున్న తమ బహిరంగ దోషపట్టికలో ఒక్కొక్క లోపాన్ని నమోదు చేసి దిద్దుకుంటూ వచ్చింది.

2014 సెప్టెంబరు 12న స్టెఫాన్ షజెలాస్ అనే యూనిక్స్ నిపుణుడు చెట్ రేమీకి పంపిన నివేదిక ఈ చరిత్రలో అన్నింటికంటే పెద్ద మలుపు. తర్వాత 'షెల్‌షాక్' అనే పేరుతో, భద్రతా దోషాలకు ఇచ్చే సీవీఈ సంఖ్యలలో సీవీఈ-2014-6271 అనే సంఖ్యతో ప్రసిద్ధమైన ఆ దోషం స్వరూపం ఇది. ప్రతి ప్రోగ్రాముకు అది పుట్టేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అనే పేరు, విలువల జతలు కొన్ని అందుతాయి. ఒక బ్యాష్‌లో రాసుకున్న ఫంక్షన్‌ను, అంటే పేరు పెట్టిన కమాండ్ల సమూహాన్ని, దాని నుంచి పుట్టే మరో బ్యాష్‌కు అందించడానికి 1989లోనే ఒక ఉపాయం పెట్టారు: వేరియబుల్ విలువ () { అనే గుర్తులతో మొదలైతే అది ఫంక్షన్ అని కొత్త బ్యాష్ గ్రహించి, ఆ పాఠాన్ని చదివి గుర్తుపెట్టుకుంటుంది. లోపం ఎక్కడంటే, ఫంక్షన్ ముగిసిన మూసివేత గుర్తు దగ్గర అది ఆగేది కాదు. ఆ తర్వాత ఇంకేమైనా రాసి ఉంటే దాన్ని కమాండుగా భావించి అక్కడికక్కడే నడిపేది. 1989లో ఆ విలువలను రాసేది సొంత యంత్రం మీది వాడుకరే కాబట్టి ప్రమాదం ఎవరికీ తట్టలేదు. వెబ్ వచ్చాక పరిస్థితి మారిపోయింది: పుట చూడడానికి వచ్చిన అపరిచితుడి బ్రౌజర్ పంపే వివరాలను వెబ్ సర్వర్లు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టి ప్రోగ్రాములకు అందించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆ ప్రోగ్రాము ఎక్కడైనా బ్యాష్‌ను పిలిస్తే, ప్రపంచంలో ఏ మూల నుంచైనా ఎవరైనా ఆ సర్వర్ మీద తమకు నచ్చిన కమాండు నడపగలిగే స్థితి ఏర్పడింది.

అంతవరకు బ్యాష్ దోషాలను అందరికీ కనిపించేలా చర్చించడమే ఆచారం. ఈ నివేదిక మాత్రం గుట్టుగా, కొద్దిమందికే వెళ్ళింది. సవరణ సిద్ధమయ్యాక సెప్టెంబరు 24న లోకానికి వెల్లడించారు. సవరణ లేకుండా దోషం బయటపడితే దాన్ని వాడుకునేవారే ముందుంటారు కాబట్టి ఆ గోప్యత న్యాయమైనదే. అయితే తర్వాత జరిగినది బహిరంగ చర్చ బలాన్ని కూడా అంతే స్పష్టంగా చూపించింది. వెల్లడైన వెంటనే భద్రతా పరిశోధకుడు ట్యావిస్ ఓర్మండీ ఆ సవరణను తప్పించుకునే మరో దారిని చూపించాడు. కొద్ది రోజులకు మరో భద్రతా పరిశోధకుడు మీహావ్ జలెవ్‌స్కీ ఇంకో రెండు దోషాలను బయటపెట్టాడు. ఒక్కొక్క రంధ్రాన్ని పూడ్చుకుంటూ పోవడం కంటే, ఫంక్షన్లను మోసే వేరియబుల్స్ పేర్లకే ప్రత్యేకమైన ముందుమాట, వెనుకగుర్తు చేర్చి, అపరిచితులు రాయగలిగే వేరియబుల్స్‌తో అవి ఎన్నడూ కలవకుండా చేయాలని రెడ్ హ్యాట్ సంస్థకు చెందిన ఫ్లోరియన్ వైమర్ సూచించాడు. ఆ నెల ముగిసేలోగా ఆ పద్ధతి అధికారిక సవరణగా వచ్చింది. సోర్స్ కోడ్ అందరి ముందూ ఉంటే ఎన్నో కళ్ళు చూస్తాయి కాబట్టి దోషాలు దాగవు అన్న వాదానికి షెల్‌షాక్ గట్టి అభ్యంతరమే: పాతికేళ్ళు ఆ వరుసలు అందరి ముందే ఉన్నాయి. పాఠం అందుబాటులో ఉండటం వేరు, ఒక నిర్దిష్టమైన ప్రశ్నతో దాన్ని చదవడం వేరు. షజెలాస్ అడిగిన ప్రశ్నను అంతకుముందు ఎవరూ ఆ వరుసలను అడిగినట్టు కనబడదు.

తెలుగువారిలో కొందరికి ఈ చరిత్రతో పరిచయం అమెరికా విశ్వవిద్యాలయాల యూనిక్స్ యంత్రాల దగ్గర మొదలైంది. ఆ యంత్రాలకు ఇంగ్లీషు అక్షరాలు తప్ప తెలియని 1990ల తొలినాళ్ళలో, హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు తెలుగును రోమన్ లిపిలో టైపు చేసి తెలుగు లిపిలో పొందే లిప్యంతరీకరణ పద్ధతిని తయారుచేశారు. ఆర్‌టీఎస్ అనే ఆ పద్ధతి తర్వాత రెండు దశాబ్దాలు తెలుగు టైపింగ్‌కు ముఖ్య మార్గాలలో ఒకటిగా నిలిచింది. భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం, ప్రపంచ లిపులన్నింటికీ కలిపి యూనికోడ్ తొలి కూర్పు, రెండూ 1991లోనే వచ్చాయి. యూనికోడ్‌లో ఒక్కొక్క అక్షరాంశానికి ఒక్కొక్క సంఖ్య ఉంటుంది. దాన్ని కోడ్‌పాయింట్ అంటారు. ఆ సంఖ్యలను ఫైళ్ళలో బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో రూపొందించినవారు రాబ్ పైక్, కెన్ థాంప్సన్. యూనిక్స్ తొలి షెల్‌ను రాసిన థాంప్సనే ఈ థాంప్సన్. ఆ పద్ధతిలో తెలుగు కోడ్‌పాయింట్ ప్రతి ఒక్కటీ 3 బైట్లు తీసుకుంటుంది. హైదరాబాద్ కేంద్రంగా పని చేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి, ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకు గ్నూ/లినక్స్‌ను పరిచయం చేయడంతో, తెలుగులో పేరు పెట్టిన ఫైళ్ళు, తెలుగులో చూపించే మెనూలు తెలంగాణ ల్యాబ్‌లలో చాలామందికి కనబడ్డాయి. 2016 అక్టోబరు 11న ప్రధానంగా మెదక్ నుంచి విడివడి సిద్దిపేట జిల్లా ఏర్పడింది. రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి చేరిన ఆ రోజు నుంచి కొత్త జిల్లాల పేర్లు తెలుగులో, ఇంగ్లీషులో లెక్కలేనన్ని పట్టికలలోకి ఎక్కాయి. 2023 జూన్‌లో సిద్దిపేటలో ఐటీ టవర్ ప్రారంభమైంది. కాబట్టి సిద్దిపేట అనే పేరునే షెల్ ముందు పెట్టి చూడటం సముచితం.

ఆ పేరును షెల్‌లో ఒక వేరియబుల్‌గా ఇచ్చి పొడవు ఎంత అని అడిగితే ఒక్క జవాబు రాదు. బైట్లను మాత్రమే ఎరిగిన షెల్ 27 అంటుంది. 2002లో వచ్చిన 2.05బీ కూర్పు నుంచి బ్యాష్‌కు బహుబైటు అక్షరాల జ్ఞానం ఉంది కాబట్టి, భాషా ప్రాంతాల అమరిక యూటీఎఫ్-8కు సరిగా పెట్టి ఉంటే అది 9 అంటుంది: సకారం, దానికి గుడి, దకారం, పొల్లు, మళ్ళీ దకారం, దానికి గుడి, పకారం, దానికి ఏత్వం, చివర టకారం. డ్యాష్ చాలాకాలం బైట్లనే లెక్కించింది కాబట్టి, ఒకే ఉబుంటు యంత్రం మీద ఒకే ప్రశ్నకు ఒక షెల్‌లో 9, మరో షెల్‌లో 27 వచ్చేది. పలక మీద ఓనమాలు దిద్దిన ఎవరినడిగినా మాత్రం సి, ద్ది, పే, ట అని నాలుగే చెబుతారు. ఈ మూడు జవాబులలో బగ్ ఏది? పాసిక్స్ ప్రమాణం పొడవును అక్షరాలలో చెప్పాలంటుంది, అక్షరం అంటే ఇక్కడ ఒక కోడ్‌పాయింట్‌కు సమానమైనది. కాబట్టి 27 దోషం, 9 సరైన జవాబు, 4 అసలు అడగని ప్రశ్నకు జవాబు. తెలుగు పాఠకుడికి ఈ తీర్పు రుచించకపోవచ్చు. అయినా బ్యాష్ 4 చూపించడం లేదని బగ్ నివేదిక రాస్తే అది నిలవదు. నిలవాలంటే ముందు ప్రమాణం మారాలి.

తెర మీద చూపించే వద్ద ఇబ్బంది మరింత ముదురుతుంది. షెల్ నడిచే టెర్మినల్ తెర లెక్కల కోసం వాడే గళ్ళ నోటుపుస్తకం లాంటిది. ఒక్కొక్క అక్షరం ఒక గడిలో కూర్చోవాలి. ఏ కోడ్‌పాయింట్ ఎన్ని గడులు తీసుకుంటుందో చెప్పే ఫంక్షన్‌కు కంప్యూటర్ శాస్త్రవేత్త మార్కస్ కూన్ రాసిన పట్టిక ఎన్నో ప్రోగ్రాములకు ఆధారమైంది. విడిగా చోటు తీసుకోని గుర్తులకు సున్నా గడులు, చైనీస్ వంటి లిపుల వెడల్పాటి అక్షరాలకు రెండు, మిగిలినవాటికి ఒకటి అన్నది అందులోని సూత్రం. ఏ గుర్తు ఏ వర్గమో యూనికోడ్ నిర్ణయించింది. ఆ వర్గీకరణలో గుడి, దీర్ఘం, ఏత్వం, పొల్లు చోటు తీసుకోనివి; కొమ్ము, సున్న చోటు తీసుకునేవి. అందుచేత 'కి' ఒక గడి, 'కు' రెండు గడులు అవుతాయి; సిద్దిపేట 5 గడులు, తెలంగాణ కూడా 5 గడులు అవుతాయి. తెర మీద అక్షరాలను గీసే ఫాంటు మాత్రం 'ద్ది'ని ఒక్క రూపంగా, తనకు కావలసినంత వెడల్పులో గీస్తుంది. షెల్‌లో వరుసను దిద్దుకునే సౌకర్యాన్ని ఇచ్చే రీడ్‌లైన్ అనే భాగం గడుల లెక్క ప్రకారం కర్సర్ ఒకచోట ఉందనుకుంటుంది, గీసిన బొమ్మలో అది మరోచోట ఉంటుంది. వాడుకరి ఒక అక్షరం దిద్దబోతే పక్కది చెడుతుంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడటం, మధ్యలో ఖాళీలు రావడం, ఒత్తు విడిపోయి పొల్లుతో కనబడటం తెలుగులో టెర్మినల్ వాడినవారికి తెలిసిన అవస్థలే.

ఇలాంటి దోషాన్ని ఎవరికి నివేదించాలన్నదే చాలామందిని ఆపేసే ప్రశ్న. షెల్, రీడ్‌లైన్, సీ లైబ్రరీలోని వెడల్పు పట్టిక, టెర్మినల్, ఫాంటు, చివరికి యూనికోడ్ వర్గీకరణ, ఇన్ని అంచెలలో తప్పు ఎక్కడైనా ఉండవచ్చు. షెల్‌కు వెళ్ళిన నివేదిక టెర్మినల్‌కు, అక్కడి నుంచి ఫాంటుకు తిరిగి, ఏ అంచె వారూ తమది కాదనే స్థితి వస్తుంది. నివేదిక రాసేవారు ఒక్కొక్క అంచెను మారుస్తూ, మిగిలినవాటిని కదపకుండా, తప్పు ఎక్కడ మాయమవుతుందో చూడటం ఒక్కటే దీనికి మార్గం. అదే వాక్యాన్ని మరో టెర్మినల్‌లో, భారతీయ లిపుల కోసం ప్రత్యేకంగా శ్రమించిన ఎంఎల్‌టర్మ్ వంటి దానిలో, చూస్తే దోషం షెల్‌దో టెర్మినల్‌దో తేలిపోతుంది. కొన్నిసార్లు తప్పు ఏ ప్రోగ్రాముదీ కాదని కూడా తేలుతుంది: కొన్ని పత్రాలలో 'సిద్దిపేట' అని, కొన్నింటిలో 'సిద్ధిపేట' అని రాస్తారు; ఒక రూపంతో వెతికితే రెండవది దొరకదు. అది రాతలో ఉన్న వైవిధ్యం, దాన్ని బగ్‌గా నమోదు చేస్తే నిర్వాహకుడి సమయం వృథా.

షెల్‌కు వెలుపల, తెలుగు అక్షరమే ప్రపంచ వార్త అయిన సందర్భం 2018 ఫిబ్రవరిలో వచ్చింది. 'జ్ఞా' అనే రూపం, జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం అనే వరుసలో వస్తే, ఆపిల్ ఫోన్లలోనూ మాక్ కంప్యూటర్లలోనూ దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. అక్షరాలను అమర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో ఉన్న ఆ దోషాన్ని, సీవీఈ-2018-4124 అనే సంఖ్యతో, ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. దాన్ని పరిశీలించిన నిపుణులు బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇటువంటి వరుసలకు యాప్‌లు కూలుతున్నాయని చూపించి, ఏ రకం హల్లు, ఏ స్థానంలో, ఏ అచ్చు గుర్తుతో కలిస్తే పడిపోతుందో వర్గాలుగా విడదీశారు. 'తెలుగు అక్షరం ఫోన్లను చెడగొడుతోంది' అని పత్రికలు రాసిన చోట ఆ విశ్లేషణ, తప్పు అక్షరానిది కాదని, అమర్చే సూత్రానిదని నిరూపించింది.

2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వెలువడింది. వాడుకరి ఒకే అక్షరంగా భావించే కోడ్‌పాయింట్ల గుంపును ఎక్కడ విడదీయాలో చెప్పే నియమాలలో ఆ కూర్పు ఒక కొత్త సూత్రాన్ని చేర్చింది: తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులలో పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకూడదు. అంతకుముందు నియమాల ప్రకారం సిద్దిపేట సి, ద్, ది, పే, ట అని ఐదు ముక్కలు. కొత్త నియమం ప్రకారం నాలుగు. దీనితో రావలసినది ఏమిటో చెప్పే గడిలో తెలుగువారు ఒక లిఖిత ప్రమాణాన్ని చూపించగల స్థితి వచ్చింది. పాత పట్టికలతో తయారైన ప్రోగ్రాములు ఇంకా ఐదుగానే విడదీస్తాయి, కొత్తవి నాలుగుగా విడదీస్తాయి. అందుచేత బ్యాష్‌బగ్ వంటి స్క్రిప్టులు తమంత తాము నింపే కూర్పు సంఖ్యలకు తోడు, యూనికోడ్ పట్టిక ఏ కూర్పుదో కూడా రాయని నివేదిక ఇప్పుడు అసంపూర్ణం. ఒక సంయుక్తాక్షరం టెర్మినల్‌లో ఎన్ని గడులు తీసుకోవాలో మాత్రం 15.1 చెప్పలేదు, పాసిక్స్ కూడా చెప్పలేదు. కర్సర్ తప్పుచోట నిలిచిందని తెలుగు వాడుకరి నేడు రాసే నివేదికలో, అది ఎక్కడ నిలవాలో, ఎందుకు నిలవాలో ఆ వాడుకరే మొదటిసారిగా వాదించి రాయవలసి ఉంది.